చూచినది వ్రాయవలెనా, రావలసినది వ్రాయవలెనా?



మన సంఘముల పిల్లలు బి. యస్సి. చదువుట నేడు వింత కాదు. ఎనిమిదవ తరగతి దాటుటయే గొప్పగా ఎంచిన ఇండ్లనుండి బయలుదేరి, దగ్గరి పట్టణములోని చిన్న కాలేజీలలో రసాయన శాస్త్రము చదువుచున్నవారు అనేకులు కలరు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారు మాతో చెప్పుకొను సంగతులలో ఒకటి మరల మరల వినబడుచున్నది. అది పాఠమునుగూర్చిన సందేహము కాదు, మనస్సాక్షినిగూర్చినది. “అయ్యగారూ, ప్రాక్టికల్సులో మాకు వచ్చిన లెక్క ఒకటి, రావలసిన లెక్క ఇంకొకటి. రావలసినదే రాసేస్తాం. అది అబద్ధం అవుతుందా?” అని అడుగుదురు.

ప్రయోగశాల ఎన్నడును చూడని పెద్దలకొరకు ఆ పని ఎట్టిదో కొంచెము చెప్పవలెను. బ్యూరెట్టు అనునది గీతలు పెట్టిన పొడవైన గాజుగొట్టము, అడుగున చిన్న కుళాయి యుండును. దానిలో ఆమ్లము పోయుదురు. క్రింద గాజుకుప్పెలో సరిగా 20 మిల్లీలీటర్ల క్షారము కొలిచి యుంచి, అందులో ఫినాఫ్తలీను అను మందు ఒకటి రెండు చుక్కలు వేయుదురు. వెంటనే గులాబిరంగు వచ్చును. పైనుండి ఆమ్లమును మెల్లగా విడుచుచు, కుప్పెను త్రిప్పుచుండగా ఒక్క చుక్కతో ఆ రంగు పోవును. అక్కడ ఆపవలెను. అప్పుడు గొట్టములో ద్రవము ఏ గీతయొద్ద నిలిచెనో కన్ను దానికి సరిగా ఎదురుగా పెట్టి చదువవలెను. కన్ను కొంచెము పైకి గాని క్రిందికి గాని యున్నచో లెక్క తప్పును. ఒకసారి చేసిన చాలదు. రెండు మూడు మారులు చేసి, అవి ఒకదానికొకటి సరిపోవువరకు చేయవలెను. దానిని టైట్రేషను అందురు.

ఇప్పుడు మన పిల్లవాని స్థితి చూడుడి. మొదట 19.4 వచ్చినది. రెండవసారి 20.1. మూడవసారి 19.7. గంట కొట్టుటకు పది నిమిషములు మాత్రమే యున్నవి. ప్రక్క బల్లవాడు 19.8 అని గుసగుసలాడెను. పోయిన సంవత్సరపు రికార్డులోను అదే యున్నది. వీడు పుస్తకము తెరచి 19.8, 19.8, 19.8 అని వరుసగా మూడు గడులలో వ్రాసెను. ఇంతకంటె దూరము వెళ్లువారును కలరని వినుచున్నాము. పరీక్షనాడు ఇచ్చిన ఉప్పు ఏదో అటెండరుయొద్ద తెలిసికొని, జ్వాలలో ఇటుక ఎరుపు కనబడెనని వ్రాయుదురట. ఆ గంటలో వారి దీపము వెలిగియే యుండదు!

డబ్బిచ్చి జవాబు కొనుక్కొన్నవానితో వాదించుటకు ఏమియు లేదు. తాను చేసినది ఏమిటో వానికి తెలియును. అందరు చేయుచున్నారు, ఎవరికి నష్టము, అనువానికి కూడ మేము ఎక్కువ చెప్పము. ఆ మాట వడ్లు కొలుచు కాటాయొద్ద చెప్పి చూడుమందుము. అయితే ఆలోచనగల యువకుడు చెప్పు మాట ఒకటి యున్నది. దానికి నిజముగా ప్రత్యుత్తరమియ్యవలెను. “కుప్పెలో ఉన్న నిజం 19.8. నా చేతి తప్పువల్ల 19.4 వచ్చింది. నేను రాసింది నిజం, నేను చూసింది తప్పు. తప్పును దిద్ది నిజం రాస్తే అబద్ధం ఎట్లా అవుతుంది?” అని అతడనును. ఇది తెలివితక్కువ మాట కాదు. అబద్ధమనగా నిజమునకు విరోధమైనది చెప్పుట యని మనము పిల్లలకు నేర్పితిమి గదా. ఇక్కడ వ్రాసిన అంకె నిజమునకు దగ్గరగానే యున్నది.

ఆ రికార్డు పుస్తకములోని గడి పైన ఏమి అచ్చువేసిరో చదివినయెడల ప్రత్యుత్తరము దొరకునని మా తలంపు. ద్రావణములో ఎంత బలమున్నదని ఆ గడి అడుగుట లేదు. బ్యూరెట్టులో ద్రవము ఎక్కడ నిలిచెనని అడుగుచున్నది. అది కంటిని అడిగిన ప్రశ్న. ద్రావణపు బలమునుగూర్చిన ప్రశ్న తరువాతి పుటలో, లెక్క కట్టినచోట వచ్చును. మొదటిచోట విద్యార్థి సాక్షి. రెండవచోట తీర్పరి. సాక్షి చేయవలసిన పని సరియైన తీర్పు చెప్పుట కాదు, చూచినది చెప్పుట.

మన పల్లెలో జరుగునట్టి సంగతి తీసికొందము. కళ్లములోనుండి మిర్చి బస్తా ఒకటి పోయినది. తీసినవాడెవడో ఊరందరికి తెలిసినట్లే యున్నది, గాని కన్నులార చూచినవాడు ఒకడును లేడు. అప్పుడొకడు పెద్దమనుష్యుల యెదుట లేచి, నేను చూచితిననును. దొంగ నిజముగా దొంగయే. తీర్పు సరిగానే వచ్చినది. బస్తా దొరికినది. అయినను సాక్ష్యము అబద్ధమే గదా? ఆ దినము ఆ సభ ఒక దొంగను పట్టుకొనెను, గాని ఇకమీదట సాక్షి మాటకు విలువ లేకుండ చేసికొనెను. మరుసటి యేడు అదే నోరు నిర్దోషి మీదికి లేచినయెడల దానిని ఎట్లు గుర్తింతురు? రెండు మారులును అతడు చెప్పు మాట ఒక్కటే, నేను చూచితిని అని. తొమ్మిదవ ఆజ్ఞ తప్పు తీర్పునుగూర్చి గాక సాక్ష్యమునుగూర్చి ఇయ్యబడుటలో ఎంత లోతున్నదో ఇట్టిచోట కనబడును.

మోషే ధర్మశాస్త్రము ఒక్క సాక్షి చాలడనియు, ఇద్దరు ముగ్గురు కావలెననియు విధించినది. టైట్రేషను మూడు మారులు చేయుట అట్టిదే. మూడు రీడింగులు ముగ్గురు సాక్షులు. వారు వేరువేరుగా చూచి ఒకే మాట చెప్పినప్పుడే ఆ మాటకు బలము. ఒక్కడే మూడు తలపాగాలు మార్చుకొని వచ్చి మూడు మారులు సాక్ష్యము చెప్పినయెడల సభవారు నవ్వుదురు. 19.8, 19.8, 19.8 అని వ్రాసినవాడు చేసినది అదే. పైగా చేయి వణకినదనియు, మూడు మారులును మూడు విధములుగా వచ్చినవనియు తెలుపు సంగతి ఆ పుస్తకములోనుండి తుడిచివేయబడినది. ఉపాధ్యాయుడు దిద్దవలసినది ఆ చేతినే గాని అంకెను కాదు. ఆయనకు అది ఇక కనబడదు.

సరిపోని లెక్కలో తప్పు తప్ప మరేమియు లేదని ముందుగానే అనుకొనుట కూడ తొందరపాటు. 1785లో ఇంగ్లాండులో హెన్రీ కావెండిషు అను శాస్త్రజ్ఞుడు గాలిని పరీక్షించెను. గాలితో ప్రాణవాయువును కలిపి, దానిలో విద్యుత్తు మెరుపులు పుట్టించుచు, నత్రజనినంతటిని మార్చి పీల్చివేయించెను. చివర ఒక చిన్న బుడగ మాత్రము ఎంత చేసినను పోలేదు. అది మొత్తములో 120వ వంతుకు మించదని ఆయన వ్రాసి పెట్టెను. అదేమో ఆయనకు తెలియదు. తన ప్రయోగము చెడినదని తలంచి ఆ బుడగను పుస్తకములో చూపకపోయినను అడుగువాడు లేడు. నూరు సంవత్సరములు గడచిన తరువాత రేలీ ప్రభువు నత్రజనిని తూచుచుండెను. గాలినుండి తీసిన నత్రజని, అమ్మోనియానుండి తీసిన నత్రజనికంటె సుమారు రెండు వందలలో ఒక వంతు బరువుగా నుండెను. ఎన్నిసార్లు తూచినను అంతే. ఆయన తన తికమకను దాచక 1892లో ఒక శాస్త్ర పత్రికకు వ్రాసి, దీనికి కారణమేమని రసాయనికులను అడిగెను. 1894లో ఆయనయు విలియం రామ్జేయును కలిసి ఆర్గాను అను క్రొత్త వాయువును కనుగొనిరి. గాలిలో నూటికి దాదాపు ఒక వంతు అదే. మనము ఈ పత్రిక చదువుచు పీల్చుచున్న ఊపిరిలోను అది యున్నది. పట్టణములో వెల్డింగు చేయు దుకాణములలో సిలిండర్లలో నింపి వాడుచున్నారు. 1904లో ఆ యిద్దరికిని నోబెల్ బహుమానములు వచ్చెను. కావెండిషు బుడగ 109 సంవత్సరములు పుస్తకములో కనిపెట్టుకొని యుండెనన్నమాట.

అయితే ఈ మాట విన్న విద్యార్థి, “అయ్యగారూ, ఆయన ప్రభువు, ఇంకొకాయన కోటీశ్వరుడు. వాళ్లకు మార్కులు పోతాయా, సీటు పోతుందా?” అని అడిగినయెడల తప్పు పట్టజాలము. కావెండిషు మిక్కిలి ధనవంతుడు. రేలీ తన సొంత ఎస్టేటులోనే ప్రయోగశాల కట్టుకొనెను. పేదవాడు, చిన్న విద్యాలయము, పెద్దల మాటకు ఎదురుగా వచ్చిన రీడింగు, ఈ మూడును కూడిన చోటు చూపవలెనన్నచో అమెరికాలోని గ్రీన్‌కాజిల్ అను చిన్న పట్టణమునకు వెళ్లవలెను. ఇండియానా రాష్ట్రములోని ఆ ఊరిలో మెథడిస్టు సంఘమువారు 1837లో ఒక విద్యాలయమును స్థాపించిరి. దానికి 1884లో డిపా విశ్వవిద్యాలయమని పేరు మార్చిరి. అది నేటికిని చిన్నదే.

1916లో పెర్సీ జూలియన్ అను నల్లజాతి యువకుడు అక్కడికి వచ్చెను. అతడు 1899లో అలబామా రాష్ట్రములోని మాంట్గమరీలో పుట్టినవాడు. అతని తాత బానిసగా బ్రదికినవాడు. చదువను వ్రాయను నేర్చుకొన్నందుకు తాత చేతి రెండు వ్రేళ్లను నరికిరని జూలియను చెప్పుచుండెను. మాంట్గమరీలో నల్లవారి పిల్లలకు ప్రభుత్వ హైస్కూలు లేదు. కాబట్టి విశ్వవిద్యాలయములో చేరిన తరువాత కూడ అతడు పగలు కాలేజి పాఠములతో పాటు హైస్కూలు పాఠములును చదువవలసి వచ్చెను. తినుటకు చోటు దొరకక తిరిగెను. చివరకు తెల్ల విద్యార్థుల బసలో భోజనము వడ్డించి, చలికాలములో పొయ్యి రాజేయు పనిచేసి, ఆ యింటి అటక మీద పండుకొనెను. 1920లో రసాయన శాస్త్రములో పట్టము పుచ్చుకొన్నప్పుడు తరగతికంతటికి అతడే మొదటివాడు. మిగిలిన పిల్లలను కూడ చదివించుటకు అతని తలిదండ్రులు మాంట్గమరీ విడిచి ఆ ఊరికే వచ్చి కాపురముండిరి. ఇట్టి తలిదండ్రులను మన పేటలలో మనమును ఎరుగుదుము.

వియన్నాలో 1931లో డాక్టరు పట్టము పొంది, 1932లో జూలియను డిపాకు పరిశోధకుడుగా తిరిగివచ్చెను. అప్పుడు చేపట్టిన పని ఫైసోస్టిగ్మిను అను మందును ప్రయోగశాలలో తయారుచేయుట. ఈ మందు ఆఫ్రికాలోని కలబారు గింజలో నున్నది. ఆ గింజ చరిత్ర కూడ మన ప్రశ్నకు దూరము కాదు. కలబారు ప్రాంతమువారు నేరము మోపబడినవానిచేత ఆ విషపు గింజను తినిపించుచుండిరి. కక్కి బ్రతికినచో నిర్దోషి, చచ్చినచో దోషి. సాక్షులు లేనిచోట గింజనే సాక్షిగా నిలిపిరి! పందొమ్మిదవ శతాబ్దములో స్కాట్లండు వైద్యులు దానిని పరీక్షించి, అది కంటిపాపను చిన్నది చేయునని కనుగొనిరి. తరువాత నీటికాసులను కంటి రోగమునకు అది ఔషధమాయెను.

అదే పనిలో ఆక్స్‌ఫర్డులో రాబర్టు రాబిన్సను ఉండెను. లోకమంతట ఎరిగిన రసాయనికుడు, తరువాత 1947లో నోబెల్ బహుమానము పొందినవాడు. ఆ మందునకు ముందుమెట్టుగా నున్న ఎసెరెథోలు అను పదార్థమును తయారుచేసితిమని రాబిన్సను పక్షమువారు ప్రచురించిరి. జూలియను, అతని స్నేహితుడు జోసెఫు పీక్లు, వారితోకూడ డిపాలో పట్టమునకు చదువుచున్న కుఱ్ఱవారు పనిచేయుచుండిరి. వారు తయారుచేసిన ఎసెరెథోలు గుణములు ఆక్స్‌ఫర్డువారు వ్రాసినవాటితో సరిపోలేదు.

ఇట్టి తగవు ఎట్లు తీరునో చెప్పెదము. శుద్ధమైన స్ఫటిక పదార్థమునకు తాను కరుగు వేడి ఒకటి నిర్ణయముగా నుండును. వెండ్రుకవలె సన్నని గాజుగొట్టములో చిటికెడు పొడి పోసి, మెల్లగా వేడిచేయుచు, అది ఎన్ని డిగ్రీలయొద్ద కరుగునో చూచుదురు. కల్తీయున్నయెడల ముందుగానే మెత్తబడి కరుగును. చేతితో చేసినదియు, చెట్టునుండి తీసినదియు ఒక్కటియేనా యను సందేహము కలిగినచో రెంటిని కలిపి కరిగింతురు. ఒక్కటియే అయితే ఆ వేడి తగ్గదు. పదార్థమును తయారుచేయుట నెలల పని, గాని చివరి సాక్ష్యమిచ్చునది ఒక ఉష్ణమాపకము, ఒక కన్ను.

ఇప్పుడు మన బి. యస్సి. పిల్లవాని తర్కమును జూలియను చెవిలో చెప్పి చూడుడి. రావలసిన లెక్క ఆక్స్‌ఫర్డునుండి వచ్చి యున్నది. నీ లెక్క వేరుగా నున్నది. నీవెవడవు? అటక మీద పండుకొని చదివినవాడవు, నీ యొద్ద పనిచేయువారు పట్టమైన పుచ్చుకొనని కుఱ్ఱవారు. తప్పు నీ చేతిలోనే యుండవలెను. దిద్దుకొని వ్రాయుము. ఆ తర్కమంతయు ఎంత వినయముగా వినబడుచున్నది! జూలియను 1935లో అమెరికా రసాయన సంఘపు పత్రికలో తన లెక్కనే ప్రచురించి, ఆక్స్‌ఫర్డువారిది నిజమైన ఎసెరెథోలు కాదని చెప్పెను. తప్పని తేలిన యెడల ఆయన పేరు అంతటితో ముగిసియుండెడిది. అదే సంవత్సరము చివరి మెట్టువరకు ఎక్కి, తాను చేసిన ఫైసోస్టిగ్మినును సహజమైనదానితో పోల్చి రుజువు చేసెను. ఆయన చూచినదే సరియని తేలెను. ఆ దినములలో వచ్చిన పరిశోధన పత్రములలో విద్యార్థుల పేర్లును ఆయన పేరు ప్రక్కన అచ్చుపడెను.

కథ ఇక్కడ ఆపినచో చదువరులు సంతోషింతురు. గాని చూచినది చెప్పుమని పిల్లలకు బోధించుచు మేము సగము చెప్పి విడువరాదు. ఆ విజయము తరువాత కూడ డిపా విశ్వవిద్యాలయము జూలియనునకు ప్రొఫెసరు పదవి ఇయ్యలేదు. ఆయన నల్లవాడగుటయే అడ్డాయెను. దైవజనులు స్థాపించిన విద్యాలయమది. తన విద్యార్థులలో మొదటివాడు ఎవడో తన రిజిస్టరులో తానే వ్రాసికొన్నది. ఆయన పని లోకమంతట చదువుచుండగా కన్నులార చూచినది. చూచిన తరువాత, ముందుగా అనుకొన్న అంకెనే గడిలో వ్రాసెను. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు 19.4ను 19.8 చేసినదానికిని దీనికిని జాతిలో భేదము మాకు కనబడుట లేదు, పరిమాణములో మాత్రము ఎంతైన కలదు. ఊరు పేరు, పేట పేరు అడిగి, మనిషిని చూడకమునుపే ఫలితము వ్రాసికొను అలవాటు మన దేశములోను క్రొత్తది కాదు. మన సంఘములలో దాని దెబ్బ తిన్నవారే ఎక్కువమంది. మన బల్లలయొద్ద కూర్చుండు వరుసలలో అది బొత్తిగా లేదని చెప్పుటకు నోరు రాదు.

జూలియను 1936లో షికాగోలోని ఒక కంపెనీకి వెళ్లి, సోయా గింజలనుండి ఔషధములకు కావలసిన పదార్థములను తీయు పనిలో పేరుపొందెను. 1973లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు సభ్యుడుగా ఎన్నుకొనబడి, 1975లో చనిపోయెను. డిపావారు తమ విజ్ఞాన గణిత భవనమునకు ఆయన పేరు పెట్టినది 1980లో.

ఇక మన పిల్లలయొద్దకు వత్తము. నాలుగు మార్కులు చిన్న సంగతి యని మేము చెప్పజాలము. ఆ నాలుగు మార్కులతో యం. యస్సి. సీటు పోవచ్చును. ఆ సీటుమీద ఒక తల్లి అమ్మిన మేకల ఖరీదు ఆధారపడియుండవచ్చును. ఆ భారమంతయు పిల్లవానిమీదనే వేసి, నిజము వ్రాయుమని గద్దించి ఊరకుండుట న్యాయము కాదు. అంకె తన జవాబుతో సరిపోయినదా లేదా యని మాత్రమే చూచి మార్కులు వేయు ఉపాధ్యాయుడు, అబద్ధమునకు కూలి చెల్లించుచున్నాడు. మన సంఘములలో లెక్చరర్లు, డిమాన్‌స్ట్రేటర్లు అయినవారు కలరు. ఈ మాట వారి కొరకే వ్రాయుచున్నాము. రీడింగులు సిరాతో వ్రాయించుడి. తప్పనుకొన్న అంకెను రబ్బరుతో తుడువనీయక, క్రింది అంకె కనబడునట్లు ఒక్క గీతతో కొట్టివేయించుడి. అది పెద్ద ప్రయోగశాలలలో పాటించు పద్ధతి. సరిపోని లెక్కకు కారణము వెదకి వ్రాసినవానికి కొన్ని మార్కులు ప్రత్యేకముగా ఉంచుడి.

మాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు అట్లు చేయుచున్నాడు. ఆయన తరగతిలో ఒక అమ్మాయికి అందరికంటె ఎక్కువగా 20.6 వచ్చెను. మూడు మారులును అంతే. ఆమె దానినే వ్రాసి కారణము వెదకెను. గాజుకుప్పెను మంచినీటితో మాత్రమే కడుగవలసియుండగా, తాను ప్రతిసారి క్షారముతోనే కడిగినందున అడుగున కొంత మిగిలిపోయి, కొలిచిన 20 మిల్లీలీటర్లకు అది కలిసెనని కనుగొని వ్రాసెను. ఆయన ఆమెకు పూర్తి మార్కులు వేసెను. పరీక్షనాడు బయటనుండి వచ్చు ఎగ్జామినరు అట్లు వేయునని ఆమెకు మాట ఇయ్యలేదు.